పెండ్లికూతురిని ఏడిపించే ఫిడేలు

(మేళం నడిచిన దారులు – 9)

మాఘమాసం వచ్చిందంటే కదిరిలో మేళగాళ్లను పట్టుకోవడం కష్టం. ముందే పోయి వక్కాకు ఇచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి రాకపోతే ఆ ముహూర్తానికి డోలు మోగదు. తెల్లారుజామున పెండ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టి గడ్డం గీసి, గోళ్లు తీసి, కత్తి కడిగి పొదిలో పెట్టుకున్న మనిషే, రెండు గంటలు తిరక్కముందే తలపాగా మార్చి, డోలు ముందేసుకుని మంటపం పక్కన కూర్చుంటాడు. తాళి కట్టే క్షణంలో పురోహితుడు వేలెత్తి చూపేది ఆయన వైపే. ఇది మనకు ఎంత మామూలు సంగతంటే, క్షురకుడికీ వాద్యానికీ ఏం సంబంధమని మనం ఏనాడూ అడగం.

గత వారం కరవది షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరాన్ని శ్రీరంగం దాకా ఎలా తీసుకుపోయాడో చెప్పుకున్నాం. ఈ వారం మేళం వెంట చాలా దూరం పోవాలి. కదిరి నుంచి దాదాపు ఆరువేల కిలోమీటర్లు, ఉక్రెయిన్‌లో బెర్దిచెవ్ అనే ఊరికి. 1897 నాటి జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ప్రతి ఐదుగురిలో నలుగురి దాకా యూదులే. ఆ ఊళ్లోనూ, దాని చుట్టూ ఉన్న వందలాది చిన్న ఊళ్లలోనూ పెండ్లిళ్లకు వాయించేవాళ్లలో చాలామందికి రెండో వృత్తి ఉండేది. అద్దాలు బిగించేవాళ్లూ ఉన్నారు, బట్టలు కుట్టేవాళ్లూ ఉన్నారు. కానీ తరచుగా కనిపించే వృత్తి క్షవరం! పెండ్లిళ్లు లేని రోజుల్లో ఇల్లు గడవాలి కదా. పైగా రెండు పనులకూ కావలసింది తేలికైన చేయి, నాలుగిళ్ల సంగతులు తెలిసిన నోరు.

ఈ వాద్యగాళ్లను క్లెజ్‌మర్ అనేవాళ్లు. మాట హీబ్రూ నుంచి వచ్చింది. పాట పలికే పనిముట్టు అని అర్థం. మొదట వాద్యానికి పేరు, తర్వాత వాయించేవాడికి పేరు. మనకు ‘మేళం వచ్చింది’ అంటే మనుషులు వచ్చారని అర్థమైనట్టే. కాకపోతే ఆ మాటలో చిన్నచూపు కూడా ఉండేది. సంగీత కళాశాలలో చదివి స్వరలిపి నేర్చినవాడిని క్లెజ్‌మర్ అంటే ముఖం ముడుచుకునేవాడు. ఇవాళ ప్రపంచమంతా ఆ సంగీతానికే క్లెజ్‌మర్ అని పేరు పెట్టి పిలుస్తోంది గానీ, ఆ వాడుక 1970ల చివర అమెరికాలో మొదలైంది. అంతకుముందు అది మనిషి పేరే తప్ప సంగీతం పేరు కాదు.

వాళ్ల మతంలో వాద్యాలకు ఒక చిక్కు ఉంది. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చారు. ఆ దుఃఖానికి గుర్తుగా, ఆలయంలో మోగిన వాద్యాలను ప్రార్థనలో మోగించకూడదని పెద్దలు కట్టడి చేశారు. మన గుళ్లో స్వామివారిని మేలుకొలిపేది సన్నాయి అయితే, వాళ్ల ప్రార్థన మందిరంలో వినిపించేది మనిషి గొంతు ఒక్కటే. కానీ పెండ్లికి మాత్రం మినహాయింపు. వధూవరులను సంతోషపెట్టడం మతం చెప్పిన విధి కాబట్టి అక్కడ వాద్యం లేకపోవడమే తప్పు. జర్మనీలోని మైంజ్‌లో మహరిల్ అని గొప్ప ధర్మవేత్త ఉండేవాడు. 1427లో కన్నుమూశాడు. ఒకసారి ఒక ప్రభువు తన ఏలుబడిలో వాద్యాలు మోగరాదని ఆజ్ఞ వేస్తే, మేళం లేకుండా చేసుకోమని ఆయన చెప్పలేదు. మేళం మోగే ఊరికి పెండ్లినే తరలించమన్నాడు. బాజా లేని పెండ్లికి మన పెద్దలూ ఇట్లాగే మొండికేస్తారు.

మేళాన్ని వాళ్లు కపెల్యె అనేవాళ్లు. ముందు ఒక ఫిడేలు, దానికి తోడుగా శ్రుతినీ లయనూ పట్టుకునే రెండో ఫిడేలు, ఒక పెద్ద బాస్ ఫిడేలు, ఇంకా త్సింబల్. ఈ త్సింబల్ మన సంతూరుకు దగ్గర చుట్టం, తీగల మీద చిన్న పుల్లలతో కొడతారు. క్లారినెట్ తర్వాత వచ్చింది, అదీ సైన్యం దారిన. 1827లో రష్యా చక్రవర్తి మొదటి నికొలాయ్ యూదు కుర్రాళ్లను సైన్యంలోకి బలవంతంగా లాగే చట్టం తెచ్చాడు. ఏళ్ల తరబడి పటాలపు బ్యాండులో ఊది ఇంటికి తిరిగొచ్చినవాళ్లు ఆ వాద్యాలను పెండ్లిళ్లలోకి తెచ్చారు. మన బ్యాండు మేళాల్లోకి క్లారినెట్ వచ్చిందీ దొరల పటాలాల వెంబడే. ఫిడేలు సంగతీ అంతే, బాలుస్వామి దీక్షితులు దొరల బ్యాండు దగ్గర దాన్ని నేర్చి కర్ణాటక కచేరీకి తెచ్చాడు. ఈ రెండు వాద్యాలు ఒకే ఐరోపా నుంచి బయల్దేరి, ఒకవైపు బెర్దిచెవ్ పెండ్లి పందిట్లోకీ, మరోవైపు మన పెండ్లి పందిట్లోకీ చేరాయి.

ఇప్పుడు పెండ్లికి పోదాం. మంగళవారం పెండ్లి. కంగారు పడకండి, వాళ్లకు మంగళవారమే మంచిది. సృష్టి కథలో మూడో రోజున ‘బాగుంది’ అన్న మాట దేవుడి తరఫున రెండుసార్లు వస్తుంది కాబట్టి ఆ రోజుకు రెట్టింపు శుభమని లెక్క. మన పంచాంగకర్తలు వింటే ఏమంటారో!

ముందుగా పెండ్లికూతురిని ఆడవాళ్ల నడుమ కుర్చీలో కూర్చోబెడతారు. ఈ తంతు పేరు కాలె బజెత్సన్, అంటే వధువును కూర్చోబెట్టడం. అక్కడికి బద్‌ఖన్ అనే మనిషి వస్తాడు. మన వైపు పోలికలో చెప్పాలంటే సగం హరిదాసు, సగం కేతిగాడు. అప్పటికప్పుడు అంత్యప్రాసలతో పాట కట్టి పిల్లకు చెబుతాడు: నీ ఆటపాటల కాలం అయిపోయింది, ఈ జడ ఇక ఉండదు, తల్లి ఒడి ఇక దొరకదు. పెండ్లయిన స్త్రీ జుట్టు కత్తిరించుకుని తల కప్పుకోవడం అక్కడి ఆచారం. పిల్లకు తల్లీ తండ్రీ లేకపోతే చనిపోయినవాళ్లను పేరుపెట్టి పందిట్లోకి పిలుస్తాడు. చరణం చరణానికీ మధ్య ఫిడేలు ఒక్కటే మూలుగుతుంది. ఆ మూలుగుకు పేరు కూడా ఉంది, క్రెఖ్ట్స్ అంటారు. స్వరం చివర గొంతు తెగినట్టు, వెక్కిళ్లు పెట్టినట్టు ఒక చిన్న విరుపు. గమకం అనొచ్చు గానీ, మన గమకం స్వరాన్ని ఊపితే ఇది స్వరాన్ని తుంచుతుంది. పిల్ల ఏడవాలి, చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఏడవాలి. ఏడవకపోతే వాయించినవాడి పరువు పోయినట్టే. బెర్దిచెవ్‌లో యోసెలె ద్రుకర్ అనే ఫిడేలు విద్వాంసుడు ఉండేవాడు, ముద్దుపేరు స్తెంపెన్యు. 1879లో పోయాడు. ఆయన పోయిన తర్వాత తొమ్మిదేళ్లకు ఆ యూదుల ఇంటి భాష యిడ్డిష్‌లో రాసే షోలెం అలైఖెం ఆయన పేరుతోనే ఒక నవల రాశాడు. క్షౌరశాలల పక్కన కూర్చునే మేళగాడికి నవల రాయించుకునేంత పేరు రావడం చిన్న సంగతి కాదు. మన సాహిత్యంలో డోలు విద్వాంసుడు కథానాయకుడైన నవలలు ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి.

మన పెండ్లిలో ఏడుపు చివర వస్తుంది, అప్పగింతలప్పుడు. అక్కడ ముందే ఏడిపించి, తర్వాత పందిరి కిందికి తీసుకుపోతారు. పందిరి కింద మంత్రాలు అయ్యాక పెండ్లికొడుకు కాలితో ఒక గాజు గ్లాసును పగలగొడతాడు. ఆనందంలో కూడా కూలిన ఆలయాన్ని మరవకూడదని దానికి చెప్పుకునే అర్థం. గ్లాసు చిట్లిన చప్పుడు వినపడగానే అందరూ ఒక్కసారిగా ‘మజల్ తోవ్’, అంటే శుభం, అని అరుస్తారు, మేళం భళ్లున లేస్తుంది. అదే వాళ్ల గట్టిమేళం.

ఆ తర్వాత రాత్రంతా ఆటలే. ఎక్కువగా ఆడేది ఫ్రైలెఖ్స్, అంటే ఉల్లాసం అనే అర్థం. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. బెస్సరాబియా వైపు నుంచి వచ్చిన బుల్గర్ అనే ఆటలో ఎనిమిది మాత్రలు మూడు, మూడు, రెండుగా విరుగుతాయి. ‘తకిట తకిట తక’ అని చేతి మీద వేసి చూడండి, కాలు దానంతట అదే లేస్తుంది. జోక్ అనే మెల్లని ఆటలో మూడు మాత్రల్లో నడిమిది మింగేస్తారు. ‘త – ట, త – ట’ అని కుంటుకుంటూ నడుస్తుంది. ముసలివాళ్లను ఇంటికి సాగనంపేటప్పుడు వాయించే నడక అది. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో ఆడాలి. వధువుతో ఆడాల్సి వస్తే మధ్యలో చేతిరుమాలు ఉండాలి, అటు కొస ఆమె, ఇటు కొస ఇతడు.

నాకు అన్నింటికన్నా నచ్చింది బ్రోయ్‌గెస్ తాంత్స్, అంటే అలక ఆట. ఇద్దరు వియ్యపురాళ్లు ఎదురెదురుగా నిలబడి మొదట ముఖం తిప్పుకుంటారు, నడుము మీద చేయి పెట్టుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంటారు, ఒకామె బతిమాలుతుంది, రెండో ఆమె బిగుసుకుంటుంది. చివరికి రాగం మారి ఇద్దరూ కౌగిలించుకుని గిర్రున తిరుగుతారు. మనకు అలకపాన్పు ఉంది గానీ దాని మీద కూర్చునేది అల్లుడు. వియ్యపురాళ్ల అలకకు మనం ఆట కట్టలేదు, దాన్ని నిజంగానే జరగనిస్తున్నాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మేళానికి పెండ్లివారు ఇచ్చేది కొంతే. ఆట ఆటకూ ఆడించుకున్నవాళ్లే చిల్లర వేయాలి. ఫలానా పాట వాయించమని అడిగినవాడు ముందు నాణెం పడేయాలి. వచ్చినదాన్ని పెద్ద ఫిడేలుకు ఎక్కువ వాటాగా, పిల్లలకు అర వాటాగా పంచుకునేవాళ్లు. ఈ లెక్కలు పెండ్లివారి ఎదుటే మాట్లాడుకోవడానికి వాళ్లకు ఒక గుట్టు భాష ఉండేది. క్లెజ్‌మర్ లోషన్ అని దాని పేరు. మన పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకోవడం చూశారు కదా, వీళ్లు అదే పని మాటలతో చేసేవాళ్లు.

ఇంకొక పెండ్లి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 19వ శతాబ్దంలో ఆ ఊళ్లను కలరా తుడిచిపెట్టినప్పుడు, ఊరివాళ్లు చందాలేసుకుని దిక్కులేని ఇద్దరిని, అనాథలనో నిరుపేదలనో, వెతికి తెచ్చి శ్మశానంలో సమాధుల మధ్య పెండ్లి చేసేవాళ్లు. మేళం సమాధుల మధ్యే వాయించేది, జనం అక్కడే ఆడేవాళ్లు. ఈ పుణ్యానికి మెచ్చి చచ్చినవాళ్లు దేవుడికి మన తరఫున చెబుతారని, రోగం ఆగుతుందని నమ్మకం. ఇది చదివినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. 2022లో జిల్లా పేరు అనంతపురం నుంచి శ్రీసత్యసాయి అయింది గానీ, మా నేల మీద కరువు పేరు మారలేదు. శెనక్కాయ విత్తనం నేలలో పడి వాన మొహం చాటేసిన ఏడు, ఇక్కడి పల్లెల్లో కప్పలకు పెండ్లి చేస్తారు, గాడిదలకు పెండ్లి చేస్తారు. డప్పు, మేళం, మెరవణి అన్నీ ఉంటాయి. దేవుడు మాట వినకపోతే ఆయన ముందు పెండ్లి చేసి చూపించడం, రెండు చోట్లా ఒకటే ఆలోచన. తేడా అల్లా, మనం కప్పల దగ్గర ఆగాం, వాళ్లు మనుషుల దాకా పోయారు. ఆ అనాథ దంపతులు ఆ రాత్రి ఏమనుకున్నారో ఏ మేళగాడూ చెప్పలేదు.

రాగాల మాట. యూదుల పెండ్లి పాటల్లో ఎక్కువగా వినిపించే స్వరవరుసను వాళ్లు ఫ్రైగిష్ అంటారు. మన పిల్లలు మొదటి పాఠంగా నేర్చే మాయామాళవగౌళ తీసుకుని, కాకలి నిషాదం బదులు కైశికి నిషాదం వేయండి. వకుళాభరణం అయింది కదా, ఫ్రైగిష్ మెట్లు అవే. ప్రపంచమంతా తెలిసిన ‘హవా నగీలా’ ఈ మెట్ల మీదే నడుస్తుంది. అది నిజానికి సదగోరా ఊరి హసీద్ అనే యూదు భక్తుల మాటల్లేని కూనిరాగం. సంగీత పరిశోధకుడు ఇదెల్‌సోన్ దాన్ని పట్టుకుని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జెరూసలేంలో పాటగా మలిచాడు, 1922లో అచ్చయింది. రెండో పెద్ద స్వరవరుస మి షెబెరఖ్, దాని మెట్లు మన హేమవతివి. ఇవన్నీ ఇక్కడి నుంచి అక్కడికి పోయాయని చెప్పే ఉత్సాహవంతులు కొందరున్నారు. నేను ఆ పని చేయను. మెట్లు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. పన్నెండు స్వరస్థానాల్లో ఏడు ఏరుకునే ఎవరికైనా ఎక్కడో ఒకచోట మనం ఎదురుపడక తప్పదు.

మరి మన తెలుగు నేల మీద యూదులు ఎవరూ లేరా? ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అని తమను పిలుచుకునే కొన్ని పదుల కుటుంబాలున్నాయి. అందరూ తెలుగువాళ్లే, చాలామంది వ్యవసాయ కూలీలు, మాదిగ కులం నుంచి వచ్చినవాళ్లు. ఒక తరం ముందు దాకా క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో, తమ పూర్వీకులు ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం వంశంవారని చెబుతూ 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటించడం మొదలుపెట్టారు. శనివారం పని మానేస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు, సొంత ప్రార్థన మందిరం కట్టుకున్నారు. ఇజ్రాయెల్ మతాధికారులు వాళ్లను ఇంకా యూదులుగా గుర్తించలేదు. యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు అక్కడ కొన్నాళ్లు ఉండి 2013లో వాళ్ల మీద ఒక పుస్తకమే తెచ్చారు. వంశవృక్షం నిజమా కాదా అనే తగాదాలోకి నేను పోను. నా కంటికి ఆగిన సంగతి వేరు. డప్పును తరతరాలుగా భుజాన మోసిన కులం అది. పెండ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఊరి శుభాశుభాలన్నీ వాళ్ల డప్పుతోనే మొదలయ్యేవి, ఊరి నడుమ ఇల్లు మాత్రం వాళ్లకు ఉండేది కాదు. ఎక్కడో ఉక్రెయిన్‌లో ఉన్న ఊరి మేళగాడి స్థితి ఎలాంటిదో వాళ్లకు పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు.

అమెరికా కథ త్వరగా చెప్పేస్తాను, అది అందరూ చెప్పేదే. 1881 తర్వాత రష్యాలో యూదుల మీద దాడులు పెరిగాయి. లక్షలాది మంది ఓడలెక్కారు, మేళగాళ్లూ ఎక్కారు. గలీసియాలోని ప్రెమిష్లానీ నుంచి 1908లో న్యూయార్కు చేరిన నఫ్తులె బ్రాండ్‌వైన్ క్లారినెట్ వాయిస్తే జనం పిచ్చెక్కిపోయేవారు. తన వేళ్ల కదలిక పోటీవాళ్లు చూసి నేర్చుకోకూడదని ప్రేక్షకులకు వీపు పెట్టి వాయించేవాడని చెబుతారు. ఆయనకు పోటీగా ఎదిగిన డేవ్ తారస్ 1921లో వచ్చి మొదట బొచ్చుతోళ్ల పరిశ్రమలో కూలి చేశాడు. పిల్లలు ఇంగ్లీషులోకి, జాజ్‌లోకి పోయారు, యాభైల నాటికి పాత పాటలు అడిగేవాళ్లు కరువయ్యారు. డెబ్బైలలో మనవలు పాత గ్రామఫోను రికార్డులు వెతికి తెచ్చి మళ్లీ నేర్చుకున్నారు. తారస్ 1989 దాకా బతికి ఆ ముచ్చట కళ్లారా చూశాడు. బ్రాండ్‌వైన్ 1963లోనే పోయాడు.

వెళ్లినవాళ్ల సంగతి అది. ఉండిపోయినవాళ్లలో ఎక్కువమందిని 1941 నుంచి నాజీలు గోతుల ముందు నిలబెట్టి కాల్చారు. బెర్దిచెవ్‌లో అది ఆ ఏడు సెప్టెంబరులోనే చాలామటుకు ముగిసింది. ప్రెమిష్లానీలో బ్రాండ్‌వైన్ బంధువుల్లో లియోపోల్డ్ కొజ్లోవ్‌స్కీ అనే యువకుడు మిగిలాడు. తల్లీ తండ్రీ తమ్ముడూ మిగల్లేదు. పోలండులోని క్రాకోవ్‌లో స్థిరపడి, పిల్లలకు నేర్పుతూ, 2019లో నూరేళ్ల వయసులో పోయాడు.

కానీ ఆ పెండ్లి పాటలు ఇవాళ మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం వాయించినవాళ్లే కాదు, అడిగినవాడు కూడా. పేరు మొయిసెయ్ బెరెగొవ్‌స్కీ, 1892లో పుట్టాడు. కీవ్‌లో ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేస్తూ, మైనపు గొట్టాల మీద ధ్వని గీసే యంత్రాన్ని మోసుకుని ఊరూరా తిరిగాడు. వెయ్యికి పైగా గొట్టాలు నింపాడు. 1937లో ఒక ప్రశ్నావళి అచ్చు వేయించి పంచాడు. నేను మళ్లీ మళ్లీ చదివేది దాన్నే. నీ గురువు ఎవరు? ఏ వాద్యం? స్వరలిపి చదవగలవా? వాద్యం కాక ఇంకేం పని చేస్తావు? వచ్చిన డబ్బు ఎలా పంచుకుంటారు? మీలో మీకు గుట్టు భాష ఉందా? ఇలాంటి ప్రశ్నలు. రాగం గొప్పదా కాదా అని అడగలేదు. మనిషి ఎట్లా బతుకుతున్నాడని అడిగాడు. నాలుగేళ్లు తిరిగేసరికి జవాబు చెప్పాల్సినవాళ్లు లేరు. 1944లో సోవియట్ సైన్యం తిరిగి రాగానే బెరెగొవ్‌స్కీ యూదులు మిగిలిన వాడల్లోకి పోయి, చావు తప్పించుకున్నవాళ్ల నుంచి ఆ చీకటి రోజుల పాటలు రాసుకున్నాడు. 1950లో స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ను అరెస్టు చేసి సైబీరియాకు పంపింది. 1955లో విడుదలయ్యాడు, 1961లో పోయాడు. పెండ్లి మేళాల మీద ఆయన రాసిన సంపుటం 1987లో గానీ అచ్చుకాలేదు. పోయాయనుకున్న గొట్టాలు 1990లలో కీవ్‌లోని వెర్నాడ్‌స్కీ గ్రంథాలయంలో బయటపడ్డాయి.

ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు ఆ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని కదిరిలో ఒక కల్యాణమంటపానికి పోయాను. ముహూర్తానికి ఇంకా టైముంది. డోలు పెద్దాయన గోడకు ఆనుకుని వేళ్లకు తొడుగులు వేసుకుంటున్నాడు. వంటశాల నుంచి ఓళిగల వాసన వస్తోంది. గురువు ఎవరంటే తండ్రి అన్నాడు, ఆయనకు ఆయన తండ్రి. ఇంకేం పని అంటే, బస్టాండు వైపు కొడుకు సెలూను చూపించినట్టు చేయి ఊపాడు. వాటాల లెక్క అడిగితే సన్నాయికింత, డోలుకింత, శ్రుతిపెట్టె పిల్లోడికి అర అని చెప్పాడు. అర వాటా మాట వినగానే నేను కాగితం నుంచి తలెత్తి చూశాను, ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. ఫోనులో బ్రాండ్‌వైన్ పాత రికార్డు ఒకటి వినిపించాను. సగం దాకా కదలకుండా విన్నాడు. ‘అప్పగింతలదా సార్ ఇది?’ అన్నాడు. కాదు, పెండ్లికి ముందే ఏడిపిస్తారట అన్నాను. ‘ముందే ఎట్లా ఏడిపిస్తారు సార్, మేకప్పు పోదా?’ అని నవ్వాడు.

ఆఖరి ప్రశ్న మిగిలింది. పెండ్లివాళ్లకు తెలియకుండా మీలో మీరు అనుకునే మాటలేమన్నా ఉన్నాయా పెద్దాయనా అని అడిగాను. ఆయన శ్రుతిపెట్టె పిల్లవాడి వైపు చూశాడు. వాడు ఆయన వైపు చూశాడు. ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు.

‘అయ్యోరు పిలుస్తున్నాడు సార్’ అని డోలు ముందుకు లాక్కున్నాడు.

(వచ్చే వారం: పాటలను నోటుపుస్తకాల్లో రాసి దాచుకున్న కొచ్చి యూదు స్త్రీలు)